మొదటిసారి బాణంతో ఎల్క్ వేటకి ఏ వారం పెట్టుకోవాలి? కొలరాడో సెప్టెంబర్ లెక్క మొత్తం

ఏటా సంక్రాంతి దాటాక డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో తెలిసినవాళ్లు ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, అన్నా విల్లు కొన్నాను, ఈసారి కొలరాడో వస్తా, ఏ వారం లీవ్ పెట్టమంటావ్ అని. ఎవర్ని అడిగినా సెప్టెంబర్ ఆఖరి వారం అంటారు, అప్పుడే ఎల్క్, అంటే ఇక్కడి పెద్ద జాతి జింకలు, గట్టిగా అరుస్తాయని. ఆ మాటలో నిజం ఉంది గానీ మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను లెక్క ఇంకో వైపు నుంచి మొదలుపెట్టమంటా. బాణం తగిలిన తర్వాత ఇరవై నాలుగు గంటలు ఎలా గడుస్తాయి, ఆ మాంసాన్ని చెడిపోకుండా బండి దాకా తీసుకురాగలవా, ముందు అది చూసుకోమంటా.

నేనిలా చెప్పడానికి కారణం నా మొదటి వేటే. సెప్టెంబర్ మొదటి వారంలో వెళ్లాం, ఇద్దరం. మూడో రోజు సాయంత్రం ఏడింటికి ఒక ఆడ ఎల్క్ మీద బాణం వేశా, తగిలింది కానీ కొంచెం వెనక్కి పడింది, చీకట్లో రక్తం జాడ తప్పిపోయింది, టార్చిలైట్లు పెట్టుకుని రాత్రి ఒంటిగంట దాకా వెతికి వదిలేశాం. తెల్లారి ఆరున్నరకి దొరికింది, మేము వెతకడం ఆపిన చోటికి రెండొందల గజాల్లోనే. రాత్రి పెద్దగా చల్లబడలేదు, పైన అంత మందం తోలు, కింద నేల వెచ్చగా ఉంది, కోసి చూస్తే నేలకి ఆనుకున్న వెనక తొడ ఎముక చుట్టూ పచ్చగా మారి వాసన వస్తోంది. ఆ తొడ మొత్తం పోయింది. ఒక జంతువు ప్రాణం తీసి, తినగలిగే మాంసాన్ని కుళ్లబెట్టాను అన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు, అందుకే తారీకుల విషయం ఎవరడిగినా ఇంత వివరంగా చెప్తా.

ముందు ఒక మాట, ఇది అమెరికాలో ఉన్నవాళ్ల కోసం. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం, మన ఊళ్లో కుందేలు మీద ఉచ్చు పెట్టినా కేసే. ఇక్కడ పద్ధతి వేరు, ఎన్ని జంతువుల్ని తీయొచ్చో రాష్ట్రం లెక్కగట్టి లైసెన్స్ ఇస్తుంది, ఆ డబ్బు తిరిగి అడవులకీ జంతువులకీ వెళ్తుంది. తుపాకులు, తూటాల మీద పన్ను 1937 నుంచే అందుకోసం వసూలు చేస్తున్నారు, విల్లు బాణాలని కూడా అందులో కలిపింది 1972లోనే. ఇండియాలో ఆ చట్టం వచ్చిన ఏడాదే అమెరికాలో ఈ సవరణ వచ్చిందన్నమాట.

స్టెప్ 1: సీజన్ గీతలు ముందు క్యాలెండర్ మీద గీయండి

కొలరాడోలో ఎల్క్ ఆర్చరీ సీజన్, అంటే విల్లు బాణాల వేట, సెప్టెంబర్ 2 నుంచి 30 వరకు. ఆ మధ్యలోనే మజిల్‌లోడర్ సీజన్, అంటే మందు దట్టించి పేల్చే తుపాకీ వాళ్ల సీజన్, సెప్టెంబర్ రెండో శనివారం మొదలై తొమ్మిది రోజులు నడుస్తుంది. 2025లో అది 13 నుంచి 21, 2026లో 12 నుంచి 20. చాలామంది కొత్తవాళ్లు ఇది చూసుకోకుండా సరిగ్గా ఆ రోజుల మీద లీవ్ పెట్టేసి, కొండ మీద తుపాకీ మోతలు విని బిత్తరపోతారు. ఆ తొమ్మిది రోజుల్లో వేటాడకూడదని రూలేం లేదు, నేనూ వెళ్లా, కానీ అడవిలో జనం పెరుగుతారు, ఎల్క్ మూగబోయి ఒత్తు చెట్లలోకి దూరతాయి. ఆ రోజుల్లో వెళ్తే నడిచేటప్పుడు ఆరెంజ్ వెస్ట్ వేసుకోండి, రూలు ఉందా లేదా అని చూడొద్దు, ఎవరికీ కనపడకుండా ఆకుల రంగు బట్టల్లో తిరుగుతున్నది మీరు.

లేబర్ డే సెప్టెంబర్ మొదటి సోమవారం, ఆ లాంగ్ వీకెండ్ క్యాంపింగ్ వాళ్లతో, బైకుల వాళ్లతో ప్రతి ట్రైల్‌హెడ్, అంటే కాలిబాట మొదలయ్యే చోటు, నిండిపోతుంది. ఒక లీవ్ మిగులుతుందని ఆశపడి అది ఎంచుకోవద్దు.

స్టెప్ 2: లైసెన్స్ దొరికే దారిని బట్టే తారీకులు

ఇది చాలామందికి తెలియని మార్పు. ఇదివరకు బయటి రాష్ట్రం వాళ్లు కూడా ఆగస్టులో షాపుకి వెళ్లి ఓటీసీ (డ్రా లేకుండా నేరుగా అమ్మే) ఆర్చరీ ట్యాగ్, అంటే లైసెన్స్, కొనుక్కుని వచ్చేవాళ్లు. 2025 నుంచి బయటివాళ్లకి అది లేదు, డ్రాలో, అంటే లాటరీలో, అప్లై చేయాల్సిందే. అప్లికేషన్ గడువు ఏప్రిల్ మొదటి మంగళవారం, రిజల్ట్స్ మే నెలాఖరు, జూన్ మొదట్లో వస్తాయి. రాకపోతే సెకండరీ డ్రా ఉంటుంది, ఆ తర్వాత ఆగస్టులో మిగిలిపోయిన లైసెన్సుల లిస్టు. అప్లై చేయాలంటే ముందు క్వాలిఫయింగ్ లైసెన్స్ ఒకటి కొనాలి, స్మాల్ గేమ్ (చిన్న జంతువుల వేట) లాంటిది, అది మర్చిపోయి చివరి రోజు రాత్రి పదకొండింటికి కూర్చుంటే అవస్థ పడతారు. బయటివాళ్లకి ఎల్క్ లైసెన్స్ ఖర్చు 800 డాలర్లు దాటుతుంది. కొలరాడోలో ఆరు నెలలు వరసగా ఉన్నవాళ్లు రెసిడెంట్ కింద వస్తారు, వాళ్లకి చాలా యూనిట్లలో, అంటే వేట కోసం రాష్ట్రం విడగొట్టిన ప్రాంతాల్లో, ఇంకా ఓటీసీ ఉంది.

1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ చూపించాలి. ఫిబ్రవరిలోనే చేసేయండి. ఎచ్‌వన్‌బీ మీద ఉన్నవాళ్లు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న, మేం చేయొచ్చా అని. లైసెన్స్ కొనడానికి సిటిజన్ అయ్యుండక్కర్లేదు, ఫెడరల్ చట్టంలో విల్లు ఫైర్‌ఆర్మ్ కిందకి రాదు, కాబట్టి తుపాకీ దగ్గర వీసా వాళ్లకి ఉండే చిక్కులు ఇక్కడ లేవు.

డ్రాలో వచ్చిన లైసెన్స్ మీద యూనిట్ నంబరు, మగదా ఆడదా ఏదైనానా అన్నది రాసి ఉంటుంది. మగదైతే చాలా యూనిట్లలో ఒక కొమ్ముకి నాలుగు మొనలైనా ఉండాలి, లేదా అడుగున ఉండే మొన అయిదంగుళాలైనా ఉండాలి. మొదటిసారి వెళ్లేవాళ్లకి ఏదైనా కొట్టొచ్చు అని ఉన్న లైసెన్స్ దొరికితే వదలొద్దు, కొమ్ములు లెక్కపెట్టే హడావిడి తప్పుతుంది, పైగా ఆడ ఎల్క్ మాంసం చాలా బావుంటుంది.

స్టెప్ 3: జంతువు ఏ వారంలో ఏం చేస్తుందో తెలుసుకోండి

ఎల్క్ ఎదకి రావడం చలిని బట్టి కాదు, పగటి వెలుతురు తగ్గడాన్ని బట్టి. సెప్టెంబర్‌లో కొలరాడోలో పగలు రోజుకి దాదాపు రెండున్నర నిమిషాల చొప్పున తగ్గుతుంది, ఆ లెక్క ఏ ఏడాదైనా మారదు, అందుకే ఎండగా ఉంది కదా ఈసారి ఎద లేటు అనే మాటలు నమ్మకండి. ఎండగా ఉంటే పగలు అరవవు, అంతే, రాత్రి చేసే పని రాత్రి చేస్తాయి. ఆడది ఎదలో ఉండేది ఒక రోజు లోపే, అప్పుడు కట్టు నిలవకపోతే సుమారు 21 రోజులకి మళ్లీ వస్తుంది. దాదాపు ఎనిమిది నెలలు మోసి మే ఆఖర్లో, జూన్‌లో, పచ్చగడ్డి లేచే టైంకి ఈనుతుంది. గేదెలు మేపిన ఇళ్లలో పుట్టినవాళ్లకి ఇదంతా నేను చెప్పక్కర్లేదు.

సెప్టెంబర్ 2 నుంచి 9 దాకా: మగవి ఆగస్టులోనే కొమ్ముల మీద నూగు తోలు రాల్చేసి ఉంటాయి, కానీ ఇంకా పెద్దగా కూయవు. మేతకీ నీళ్లకీ ఒక పద్ధతిలో తిరుగుతుంటాయి, ఇంకా ఎవరూ బెదరగొట్టలేదు కాబట్టి ఆ పద్ధతి తప్పవు. బుల్స్, అంటే మగ ఎల్క్, ఎండకి బురద గుంటల్లో గేదెల్లాగే పొర్లుతాయి, అలాంటి గుంట ఒకటి ముందే కనిపెట్టినవాడికి ఈ వారం బంగారం. కొత్తవాడికి ఆ గుంట ఎక్కడుందో తెలీదు, అదీ ఇబ్బంది. పైగా పదివేల అడుగుల ఎత్తులో కూడా మధ్యాహ్నం 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటొచ్చు, మధ్యాహ్నాలు ఉరుములు మెరుపులు, దాన్ని ఇక్కడివాళ్లు కూడా మాన్సూన్ అనే అంటారు. చెట్లు లేని శిఖరాల మీద ఒంటిగంట తర్వాత ఉండకండి.

10 నుంచి 16 దాకా: మగవి మందల కోసం తిరగడం మొదలుపెడతాయి, తెల్లవారుజామున కూతలు వినపడతాయి, పిలుపుకి ఉత్సాహంగా వచ్చేది ఇప్పుడే, ఎందుకంటే ఇంకా చాలావాటికి ఆడవి దొరకలేదు. అనుభవం ఉన్నవాళ్లలో చాలామందికి ఇష్టమైన రోజులివి. మజిల్‌లోడర్ అడ్డం పడేది కూడా ఇక్కడే.

17 నుంచి 25 దాకా: నా ఓటు దీనికి. అడవిలో ఎల్క్ ఎక్కడుందో కనిపెట్టడమే కొత్తవాడికి అన్నిటికంటే కష్టమైన పని, వంద చదరపు మైళ్ల కొండల్లో అది తన చిరునామా తనే చెప్పే రోజులు ఇవి. చీకటి ఉండగానే ఒక గట్టు మీద నిలబడి వింటే లోయ అవతల నుంచి ఈల లాంటి కూత, దానికి ఇంకో వైపు నుంచి జవాబు, వెన్ను జలదరిస్తుంది. రాత్రుళ్లు ఉష్ణోగ్రత గడ్డకట్టే దగ్గరికి, ఎత్తులో అయితే ఇంకా కిందికి పోతుంది. ఆస్పెన్ చెట్ల ఆకులు పసుపెక్కేదీ అప్పుడే, కొండలు మెరిసిపోతుంటాయి, దానికోసం వచ్చే కార్లు కూడా ఎక్కువే కానీ వాళ్లు రోడ్డు దాటి రారు.

26 నుంచి 30: కూతలు ఇంకా ఎక్కువ, కానీ పెద్ద బుల్ దగ్గర అప్పటికే పదీ పదిహేను ఆడవి ఉంటాయి, అది వాటిని వదిలేసి మీ పిలుపు కోసం రాదు, పిలిస్తే మందని తోలుకుని అవతలి లోయలోకి పోతుంది. చాటుగా దగ్గరికి వెళ్దామంటే ముప్పై కళ్లు చూస్తుంటాయి. మంద అంచున తిరిగే చిన్న బుల్స్ మాత్రం ఒంటరిగా ఆవురావురుమంటూ ఉంటాయి, వాటిని పిలవొచ్చు. మంచు కూడా పడొచ్చు, కొండదారి మూసుకుపోయే రోజులుంటాయి. కొంచెం రాటుదేలాక రావాల్సిన రోజులివి అని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక నిజం గుర్తుపెట్టుకోండి, కొలరాడో అంతా కలిపి 2,80,000 దాకా ఎల్క్ ఉన్నాయి, ఏ రాష్ట్రంలోనూ ఇన్ని లేవు, అయినా బాణంతో వెళ్లినవాళ్లలో పది మందికి ఒకరు అటూ ఇటుగా మాత్రమే ఎల్క్‌తో ఇంటికి వెళ్తారు. సరైన వారం ఎంచుకున్నా ఉత్త చేతులతో రావడమే మామూలు.

స్టెప్ 4: మాంసం లెక్క, ఇది పేపరు మీద వేయండి

పెద్ద బుల్ 700 పౌండ్ల దాకా తూగుతుంది, ఎముక తీసేస్తే 200 పౌండ్ల మాంసం వస్తుంది అనుకోండి. మనిషి కొండల్లో వీపు మీద మోయగలిగేది 50 పౌండ్లు, మొదటిసారి అయితే అంతకన్నా ఆశపడొద్దు. అంటే నాలుగు మోతలు. బండికి మూడు మైళ్ల దూరంలో కొట్టారనుకోండి, ఒక్కరే అయితే మోస్తూ నాలుగుసార్లు, ఖాళీగా మూడుసార్లు, మొత్తం 21 మైళ్లు. ఇద్దరైతే తలా 9 మైళ్లు. ఒక్కరే ఉంటే అది రెండు రోజుల పని, ఆ రెండు రోజులు మిగిలిన మాంసం చెట్టుకి వేలాడుతుంటుంది. ఇప్పుడు చెప్పండి, మధ్యాహ్నం 75 డిగ్రీలు ఉండే వారంలో అది చేస్తారా, రాత్రి నీళ్లు గడ్డకట్టే వారంలో చేస్తారా?

40 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే సూక్ష్మజీవులు ఊరుకోవు. కాబట్టి జంతువు దొరికిన వెంటనే తోలు తీసేయాలి, తొడలూ జబ్బలూ విడదీయాలి, వెనక తొడలో ఎముక దాకా కోసి లోపలి వేడి బయటికి పోనివ్వాలి, గేమ్ బ్యాగుల్లో (గాలి ఆడే గుడ్డ సంచుల్లో) వేసి వాగు పక్కన నీడలో గాలి తగిలేలా వేలాడదీయాలి. నాలుగు కాళ్ల మాంసం, వెన్ను మాంసం, లోపలి మెత్తటి మాంసం తేవడం చట్టప్రకారం తప్పనిసరి. మగదో ఆడదో తెలిపే భాగం ఒక ముక్కకి సహజంగా అంటుకునే ఉండాలి, అది కోసేయకండి. ఎముక తీసేసి తీసుకెళ్లడంలో ఇంకో లాభం ఉంది, జింక జాతికి వచ్చే సీడబ్ల్యూడీ అనే మెదడు రోగం వల్ల చాలా రాష్ట్రాలు బయటి నుంచి మెదడు, వెన్నెముక తేవడాన్ని ఒప్పుకోవు, టెక్సాస్ పోయేవాళ్లు ఇది ముఖ్యంగా చూసుకోండి. బండిలో రెండు పెద్ద కూలర్లు, వాటిలో నీళ్ల డబ్బాలు గడ్డకట్టించి పెట్టుకుని రండి, డాలస్‌కి ఒక రోజంతా డ్రైవ్.

సెప్టెంబర్ మొదటి వారమే కుదురుతుంది అంటే వెళ్లొద్దని కాదు. రోడ్డుకి మైలున్నర లోపల వేటాడండి, ఇద్దరు ముగ్గురు వెళ్లండి, సాయంత్రం వెలుతురు తగ్గాక అనుమానంగా ఉన్న షాట్ వేయకండి. నేను చేసిన తప్పు సరిగ్గా అదే. చట్టం సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా ఒప్పుకుంటుంది, మీరు ఆ అరగంట వాడక్కర్లేదు.

స్టెప్ 5: మీ ఒళ్లు, మీ విల్లు సిద్ధమయ్యే టైం

చట్టం అడిగేది లాగడానికి కనీసం 35 పౌండ్ల బలం పట్టే విల్లు, బ్రాడ్‌హెడ్ (బాణం చివర కోసే మొన) వెడల్పు కనీసం అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు. ఎల్క్‌కి నేనైతే 50 పౌండ్ల పైన ఉండాలంటా. జనవరిలో కొన్న విల్లుతో వారానికి మూడు రోజులు వేస్తే సెప్టెంబర్ నాటికి ముప్పై గజాల్లో నమ్మకం వస్తుంది. జూలైలో కొన్నవాళ్లు ఈ ఏడాది కెమెరాతో వచ్చి అడవి నేర్చుకుని వెళ్లడం మంచిది, ఆ ట్రిప్పు వేస్ట్ అవ్వదు.

సముద్రమట్టం దగ్గర ఉండేవాళ్లు తొమ్మిది పదివేల అడుగులకి ఒక్కసారిగా వస్తే తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం మామూలే. అందుకని మొదటి రెండు రోజులు వేట రోజులుగా లెక్కపెట్టొద్దు. గాలి కూడా అప్పుడే నేర్చుకోండి, తెల్లవారుజామున చల్లగాలి లోయ వైపు దిగుతుంది, ఎండ తగిలాక పైకి లేస్తుంది, సాయంత్రం మళ్లీ దిగుతుంది. ఆ మారే గంటలో ఎల్క్ దగ్గరికి పోకూడదు. మీ వాసన తగిలిందా, ఆ లోయ ఆ రోజుకి ఖాళీ.

విడివిడిగా రెండు వీకెండ్లు రావడం కన్నా వరసగా ఏడు నుంచి తొమ్మిది రోజులు పెట్టుకోవడం చాలా మేలు. తారీకు రెండు మూడు రోజులు అటూ ఇటూ అయినా పర్లేదు కానీ ముక్కలు చేయొద్దు. నాకు పనికొచ్చే అవకాశాలు ఎప్పుడూ అయిదో రోజు తర్వాతే వచ్చాయి.

స్టెప్ 6: చంద్రుడు, ఆఖర్న

పౌర్ణమి దగ్గర రాత్రంతా వెన్నెల్లో మేసి తెల్లారకముందే చెట్లలోకి పోతాయి, అమావాస్య దగ్గర పొద్దున కాస్త ఎక్కువసేపు బయట కనపడతాయి అని వేటగాళ్లు అంటారు, నా అనుభవం కూడా దాదాపు అదే. ఇంట్లో పంచాంగం ఉంటే చాలు. కానీ చంద్రుడి కోసం వారం మార్చకండి, పైన చెప్పినవన్నీ కుదిరాక రెండు వారాల మధ్య తేల్చుకోలేకపోతే అప్పుడు చూడండి. వెన్నెల వారం పడితే మధ్యాహ్నం పదకొండు నుంచి రెండు దాకా క్యాంపులో పడుకోకుండా అవి పడుకునే చోటుకి దగ్గర్లో, నీళ్ల దగ్గర కూర్చోండి.

వేరే రాష్ట్రాల సంగతి రెండు ముక్కల్లో: మోంటానాలో ఆర్చరీ సీజన్ అక్టోబర్ మధ్య దాకా ఉంటుంది, చలి ఇష్టమైతే బావుంటుంది, కానీ బోహంటర్ (విల్లుతో వేటాడేవాళ్ల) కోర్సు అడుగుతారు. వయోమింగ్‌లో వైల్డర్‌నెస్ అని గుర్తించిన అడవుల్లోకి బయటి రాష్ట్రం వేటగాడు గైడ్ గానీ స్థానికుడు గానీ తోడు లేకుండా వేటకి పోకూడదు. యూటాలో ఆగస్టులోనే మొదలవుతుంది, ఆ ఎండకి మొదటిసారి వద్దు.

ఇప్పుడు 2026 మీదకి ఈ లెక్కంతా తెచ్చి చూద్దాం. లేబర్ డే 7న. అమావాస్య 10న రాత్రి, వినాయక చవితి 14న. మజిల్‌లోడర్ 12 నుంచి 20. పౌర్ణమి 26న. చంద్రుడొక్కటే చూస్తే 8 నుంచి 13 బావుంటాయి, కానీ ఎండ, ఆఖర్న మజిల్‌లోడర్ జనం, పైగా పండక్కి ఇంట్లో లేకపోతే ఎవరూ ఊరుకోరు. నేనైతే 18 శుక్రవారం రాత్రి బయల్దేరమంటా. 19, 20 కొండకి అలవాటు పడుతూ ఆరెంజ్ వెస్ట్ వేసుకుని గట్ల మీద నిలబడి వినడం, ఆ ఆదివారం సాయంత్రానికి తుపాకుల వాళ్లు దిగిపోతారు. 21 సోమవారం నుంచి 26 శనివారం దాకా వేట. వెన్నెల రోజురోజుకీ పెరుగుతుంది, అది ఈ వారంలో ఉన్న లోటు, మధ్యాహ్నాలు కూర్చోవడానికి సిద్ధపడి రండి. శుక్రవారం సాయంత్రం తర్వాత బండికి రెండు మైళ్లు దాటి ఉన్నదాని మీద బాణం ఎక్కుపెట్టకండి, ఎందుకంటే మోయడానికి రోజులు మిగలవు. 27 ఆదివారం తిరుగు ప్రయాణం అనుకున్నా, ఆఫీసులో మాత్రం 28 సోమవారం కూడా కలిపి ఆరు రోజులు లీవ్ అడగండి, డ్రా అప్లికేషన్ పంపిన రోజే మేనేజర్‌కి మెయిల్ పెట్టేయండి. ఆ ఆరో రోజు మాంసం కోసం.